బడికి వెళ్లని పిల్లలకు సెలవులెప్పుడు?

కిందటి జనవరిలో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని అందరం దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నాము. సంక్రాంతి సెలవులకు మా ఇంటి ఆడపడుచు తన ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకొని మరునాడు హైదరాబాదు నుండి వస్తున్నదన్న కబురు అప్పుడే అందింది. ఆ మాట వినగానే మా రెండవ సంతానమైన అబ్బాయి చేతిలోని రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టేసి, "అబ్బా! వాళ్లకు సెలవులు. మరి మాకు సెలవులెప్పుడు?" అని అడిగాడు.

"మనకు రోజూ సెలవే" అని పెద్దమ్మాయి నవ్వింది. "కాదు, మనకు రోజూ బడే" అని చిన్నది మూతి ముడిచింది. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇంటివద్దనే చదువుకొనే కుటుంబంలో గంట మోగదు. గంట మోగని చోట చదువు ఎక్కడ ముగిసిందో, సెలవు ఎక్కడ మొదలయిందో పిల్లలకు తెలియదు. నిజం చెప్పాలంటే పెద్దలమైన మాకూ తెలియదు.

పడుకోబోయే ముందు వాడు మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించి, "వాళ్లు నన్ను పుస్తకం చదవమంటారా, అమ్మీ?" అన్నాడు. మొదటి ప్రశ్న వెనుక దాగిన అసలు ప్రశ్న అదేనని మాకు అప్పుడు అర్థమయింది.

మా వాడికి తొమ్మిదేళ్లు. అక్షరాలన్నీ వచ్చు. కాని అవి పదాలై, పదాలు వాక్యాలై వాడి కళ్లముందు కుదురుగా నిలబడడానికి ఇతర పిల్లలకన్నా ఎక్కువ సమయం పడుతుంది. రెండేళ్ల క్రితం వాడు చదివిన బడిలో తరగతి అందరి ముందు నిలబెట్టి చదివించేవారు. తడబడిన ప్రతిసారీ వెనుక నుండి నవ్వులు వినిపించేవి. కొన్నాళ్లకు వాడు ఉదయం లేవగానే కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు. ఆదివారం మాత్రం ఆ నొప్పి వచ్చేది కాదు. ఎంతో ఆలోచించి, ఎందరినో సంప్రదించి, అల్లాహ్‌పై భారం వేసి వాడిని ఇంటికి తెచ్చుకున్నాము. తరువాత మిగిలిన ఇద్దరు పిల్లల చదువు కూడా ఇంటికే వచ్చింది.

ఇప్పుడు నవ్వగల పిల్లలు ముగ్గురు మా ఇంటికే రాబోతున్నారు. వారు చెడ్డపిల్లలు కారు. అయినా పిల్లలు పిల్లలే. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకొని ఒక నిర్ణయానికి వచ్చాము. రాబోయే ఏడు రోజులు ఇంట్లో పాఠ్యపుస్తకం తెరిచేది లేదు. ఎవరూ ఎవరినీ ఏదీ పైకి చదవమని అడిగేది లేదు. ఆరుగురు పిల్లలూ కలిసి చేతులతో చేసే పనులే చేయాలి. రోజు చివర అందరికీ కలిపి ఒకే నోటుపుస్తకంలో, బొమ్మగానో అంకెగానో మాటగానో, ఎవరికి చేతనైన రీతిలో వారు ఆనాటి సంగతి నమోదు చేయాలి.

ఆ ఏడు రోజులలో ఏమి జరిగిందో ఇతర కుటుంబాలకు ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతో ఇక్కడ వివరిస్తున్నాము. ఇంటివద్ద చదువు చెప్పుకొనేవారే కాక, పిల్లలను బడికి పంపి సెలవులలో ఏమి చేయాలో తోచని తల్లిదండ్రులు కూడా వీటిలో తమకు వీలైనవి ఎంచుకోవచ్చు.

కర్ర నీడ, మస్జిదు పట్టిక

మాది జహీరాబాద్ ప్రాంతం. తెలంగాణలో చలి ఎక్కువగా ఉన్న చోట్ల పేర్లు పత్రికలలో వచ్చినప్పుడు మా పక్కనున్న కోహీర్ పేరు తరచు కనిపిస్తుంది. అయితే చలి ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జవాబు మా డాబా మీదనే ఉంది.

మీటరు పొడవున్న ఒక కర్రను మట్టి నింపిన డబ్బాలో నిటారుగా నిలబెట్టి, మధ్యాహ్నం దాని నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణంలో కొలవడం మా వాడు డిసెంబరు 21న మొదలుపెట్టాడు. ఆ రోజు నీడ 87 సెంటీమీటర్లు. బంధువులు వచ్చిన జనవరి 11న 83. వారు తిరిగి వెళ్లే 17వ తేదీన సుమారు 80. నీడ తగ్గుతున్నదంటే సూర్యుడు ఆకాశంలో పైకి జరుగుతున్నాడన్నమాట. డిసెంబరు చివరిలో మన ప్రాంతంలో పగలు దాదాపు 11 గంటలే ఉంటుంది. జూన్‌లో అది 13 గంటలు దాటుతుంది. తక్కువసేపు, ఏటవాలుగా పడే ఎండ నేలను అంతగా వేడి చేయలేదు. చలికి కారణం ఇదేనని పిల్లలు నీడను చూసే గ్రహించారు.

ఈ కొలతకు మన నమాజు వేళలతో నేరుగా సంబంధముంది. అసర్ వేళ నీడను బట్టే నిర్ణయమవుతుంది కదా. హనఫీ పద్ధతిలో, మధ్యాహ్నపు నీడకు వస్తువు ఎత్తుకు రెండింతలు కలిపినంత నీడ పడినప్పుడు అసర్ మొదలవుతుంది. షాఫయీ పద్ధతిలో ఒక ఇంత కలిపితే చాలు. అంటే మా మీటరు కర్రకు జనవరి 11న ఒక లెక్క ప్రకారం 283, మరొక లెక్క ప్రకారం 183 సెంటీమీటర్లు. పిల్లలు డాబా మీద సుద్దతో ఈ రెండు గుర్తులూ గీసి, గడియారం పట్టుకొని కాపలా కాశారు. నీడ రెండవ గుర్తును తాకిన కాసేపటికి మస్జిదు నుండి అజాన్ వినిపించింది. ఆ క్షణంలో వారి ముఖాలలో కనిపించిన ఆశ్చర్యం ఏ పాఠ్యపుస్తకమూ తెప్పించలేనిది.

మరునాడు మా వాడు మస్జిదు గోడ మీది నమాజు వేళల పట్టిక ముందు చాలాసేపు నిలబడ్డాడు. వాక్యాలు వాడిని బెదిరిస్తాయి గాని అంకెలు బెదిరించవు. ఇంటికి వచ్చి, "పగలు అన్నిటికన్నా తక్కువగా ఉండేది డిసెంబరు 21న కదా. కాని మగ్రిబ్ నవంబరు చివరి నుండే ఆలస్యమవుతున్నది. పొద్దుపొడుపు మాత్రం జనవరి మూడవ వారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంది. పట్టికలో తప్పు పడిందా?" అని అడిగాడు.

తప్పు పడలేదు. మాకే ఆ సంగతి అంతవరకు తోచలేదు. భూమి ఇరుసు వంగి ఉండడం, సూర్యుని చుట్టూ భూమి తిరిగే దారి పూర్తి వృత్తం కాకపోవడం వలన గడియారం చూపే మధ్యాహ్నానికి, సూర్యుడు నెత్తిమీదికి వచ్చే మధ్యాహ్నానికి తేడా వస్తుంది. నవంబరు మొదటి నుండి ఫిబ్రవరి నడుమ వరకు జవాల్ వేళ దాదాపు అరగంట ముందుకు జరుగుతుంది. దానితోపాటు పొద్దుపొడుపు, పొద్దుగూకు కూడా జరుగుతాయి. ఈ వివరం వెదికి తెలుసుకోవడానికి మాకు ఒక రాత్రి పట్టింది. హైదరాబాదు పిల్లలు ఆ పట్టికను ఏళ్ల తరబడి చూసినవారే. దానిలో ఇంత కథ ఉందని కనిపెట్టినది మాత్రం మా వాడు.

సురయ్యా ఎవరు?

చలికాలపు రాత్రులు మబ్బు లేని రాత్రులు. ఇషా తరువాత దుప్పట్లు కప్పుకొని అందరం డాబా మీదికి చేరాము. జనవరి నడుమ ఎనిమిది గంటల వేళ నడినెత్తికి దగ్గరగా చిన్న చుక్కల గుత్తి ఒకటి కనిపిస్తుంది. తెలుగువారికి అది కృత్తిక. అరబ్బులకు సురయ్యా. ఈ పేరు గల ఆడపిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. పేరు ఆకాశంలో ఉందని తెలిసినవారు ఎందరు?

ఆ గుత్తి వెనుకనే వచ్చే ఎర్రటి చుక్క రోహిణి. ప్రపంచమంతా దానిని ఆల్డెబరన్ అని పిలుస్తుంది. అరబ్బీలో దానికి "వెంబడించేది" అని అర్థం. సురయ్యాను వెంబడిస్తుంది కనుక ఆ పేరు. ఇంకా తూర్పున మూడు చుక్కలు వరుసగా ఉన్న నడికట్టుతో వేటగాని ఆకారం. అతని పాదం దగ్గరి తెల్లని చుక్క రైజెల్. పాదం అని అర్థమిచ్చే రిజ్ల్ అన్న అరబ్బీ మాటే ఆ పేరైంది. ఇస్ఫహాన్‌లో పనిచేసిన అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ క్రీ.శ. 964లో స్థిర నక్షత్రాలపై గ్రంథం రచించి చుక్కల స్థానాలను, వెలుగును, రంగును నమోదు చేశారు. నేటికీ ఖగోళ శాస్త్రంలో అనేక చుక్కలకు అరబ్బీ పేర్లు నిలిచి ఉండడానికి అటువంటి పండితుల శ్రమ కారణం.

అక్కడే దాదీ ఒక మాట కలిపారు. "మృగశిర అంటే వానల కార్తె కదా. అది చలిలో ఎలా కనిపిస్తుంది?" మంచి ప్రశ్న. జూన్‌లో మృగశిర కార్తె వచ్చిందంటే సూర్యుడు ఆ నక్షత్రం వైపు ఉన్నాడని అర్థం. ఆ వెలుగులో చుక్కలు కనబడవు. ఆరు నెలల తరువాత భూమి అవతలి వైపుకు చేరుతుంది. అప్పుడు అవే చుక్కలు రాత్రి ఆకాశంలో వెలుగుతాయి. చిన్నది దీపాన్ని సూర్యునిగా, తనను భూమిగా చేసుకొని గిరగిర తిరిగి అందరికీ చూపించింది.

చంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు తక్కువ. మరి రమజాన్ నడి చలిలో ఎప్పుడు వస్తుంది? పెద్దమ్మాయి లెక్క వేసి 2030లో రమజాన్ రెండుసార్లు ప్రారంభమవుతుందని తేల్చింది. ఒకటి జనవరి మొదట్లో, రెండవది డిసెంబరు చివర్లో. అందరికన్నా చిన్నవారు ఆ ఏడు తాము తొలి ఉపవాసం ఉంటామని అప్పుడే తీర్మానించుకున్నారు.

కొబ్బరినూనె సీసా, దాదీ కుంపటి

వంటింటిలో కొబ్బరినూనె, నెయ్యి, పల్లీనూనె మూడు చిన్న గిన్నెలలో పోసి కిటికీ దగ్గర పెట్టాము. తెల్లవారేసరికి మొదటి రెండూ గడ్డకట్టాయి. పల్లీనూనె కదలలేదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కనుక అది ఎప్పుడు కరిగిందో చూస్తే ఇంటి వేడిమి తెలుస్తుంది. పిల్లలు దానికి "నూనె థర్మామీటరు" అని పేరు పెట్టుకొని ఏడు రోజులూ కరిగిన వేళ రాశారు.

గాజర్ హల్వా వండిన రోజున తురిమిన క్యారెట్‌ను, పాలను తూచి, వండిన తరువాత మళ్లీ తూచారు. తగ్గిన బరువంతా ఎక్కడికి పోయింది? మూతకు పట్టిన నీటి బొట్లే జవాబు చెప్పాయి.

ఇక మూడవ పరీక్ష మా ఇంటికి నిజంగా అవసరమైనదని తరువాత తెలిసింది. వెలిగించిన రెండు కొవ్వొత్తుల మీద ఒక చిన్న గాజు సీసా, ఒక పెద్ద గాజు సీసా బోర్లించాము. చిన్న సీసాలోని దీపం ముందు ఆరింది, పెద్దదానిలోనిది తరువాత ఆరింది. మంటకు గాలి కావాలి. మూసిన చోట గాలి చాలకపోతే మండే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువును విడుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే ప్రాణం పోవచ్చు.

ఇది విన్న చిన్నది లేచి నేరుగా దాదీ గదిలోకి వెళ్లింది. ప్రతి చలికాలం దాదీ కిటికీ మూసుకొని, మంచం పక్కన కుంపటి పెట్టుకొని పడుకోవడం మేమందరం చూస్తున్నదే. ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆ రాత్రి కుంపటి వరండాలోకి వచ్చింది. దాదీకి రెండు దుప్పట్లు, వేడినీటి సంచి అమర్చాము. "మీ చదువు నా కుంపటి మీదికి వచ్చిందేమిటమ్మా" అని ఆమె విసుక్కున్నారు. అయినా మళ్లీ లోపల పెట్టమని అడగలేదు.

దాదీ జాన, పిల్లల జాన

దాదీ బడి ముఖం చూడలేదు. కాని పాత చీరలతో బొంత కుట్టడంలో ఆమెకు సాటి లేరు. ఆరు వరుసలు, ఎనిమిది నిలువులు, మొత్తం 48 గళ్లతో పిల్లల బొంత ఒకటి కుట్టాలని నిర్ణయమైంది. ఒక్కొక్క గడి ఒక జాన. ప్రతి గడీ రెండు రంగుల త్రికోణాలు కలిసినది కనుక 96 త్రికోణాలు కావాలి.

మొదట ఎవరి జానతో వారు కత్తిరించారు. ఏ ముక్కా మరొక ముక్కతో కలవలేదు. స్కేలుతో చూస్తే దాదీ జాన 19 సెంటీమీటర్లు, చిన్నదాని జాన 13. ప్రపంచానికి ఒకే కొలత ఎందుకు కావలసివచ్చిందో వివరించే శ్రమ మాకు తప్పింది. అప్పటి నుండి దాదీ జాననే ప్రమాణంగా తీసుకొని అట్టముక్క ఒకటి కత్తిరించుకున్నారు.

లెక్క ప్రకారం బొంత 114 సెంటీమీటర్ల వెడల్పు, 152 పొడవు ఉండాలి. కుట్టిన తరువాత 102, 136 వచ్చాయి. ప్రతి గడీ రెండేసి సెంటీమీటర్లు కుట్టులోనికి పోయిందని పిల్లలు కనుక్కున్నారు. దాదీ నవ్వి, కుట్టేవారు ముందే కుట్టుకూలి ఇచ్చుకోవాలని చెప్పారు. ప్రతి ముక్క దగ్గర ఆమెకు ఒక కథ ఉంది. ఈ పచ్చది తన నిఖా నాటి చీర, ఈ నీలం తన తల్లి కట్టుకున్నది, ఈ పూలది కరువు ఏట కొన్నది. ఆ కథలను పెద్దమ్మాయి ఫోనులో రికార్డు చేసి, ఏ గడికి ఏ కథో అంకె వేసింది. సెలవులలో చేసిన పనులన్నిటిలో మేము అమూల్యంగా దాచుకున్నది అదే.

గాలిపటాలు, జొన్న చేల మీది అతిథులు

సంక్రాంతి రోజులలో మా ప్రాంతంలో పతంగి ఎగరవేయని డాబా ఉండదు. వెదురు పుల్లలను తూకం చేసి, కాగితం అతికించి, పిల్లలే పతంగులు చేసుకున్నారు. నడుమ పుల్ల రెండు వైపులా సమానంగా తూగకపోతే పతంగి ఒక పక్కకు దొర్లుతుంది. మూడు చింపుకొని నాలుగవది నిలబెట్టారు. నూలు దారం తప్ప మరొకటి వాడబోమని ముందే ఒప్పించాము. నైలాను మాంజాను జాతీయ హరిత ధర్మాసనం 2017లో నిషేధించింది. అయినా అది ఇంకా దొరుకుతూనే ఉంది. దాని వలన పక్షుల రెక్కలు, ద్విచక్ర వాహనాలపై వెళ్లేవారి మెడలు తెగుతున్నాయి.

పక్షులను చూడడానికి తెల్లవారుజామున ఫజర్ కాగానే ఊరి బయటికి వెళ్లాము. చలికాలంలో జొన్న చేల మీద గుంపులు గుంపులుగా వాలే గులాబీ రంగు గోరింకలు మధ్య ఆసియా మైదానాల నుండి వచ్చిన అతిథులు. సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యానికి తల మీద రెండు నల్లని చారలున్న పెద్ద బాతులు హిమాలయాలను దాటి వస్తాయి. మా పిల్లలను అన్నిటికన్నా ఆకట్టుకున్నది గట్టు మీద నేలను పొడుస్తున్న ఒక పిట్ట. తలపై కిరీటం వంటి కుచ్చు, పొడవైన వంపు ముక్కు, రెక్కలపై నలుపు తెలుపు పట్టీలు. అది హుద్‌హుద్. సులైమాన్ ప్రవక్త (అ) వృత్తాంతంలో ఖుర్ఆన్ ప్రస్తావించిన పక్షి. కథలో విన్న పక్షి తమ ఊరి గట్టు మీద కనిపించడంతో పిల్లలు నోట మాట రాక నిలబడిపోయారు.

బీదర్ ప్రయాణం

ఖురైష్ సూరాలో చలికాలపు ప్రయాణం, వేసవి ప్రయాణం ప్రస్తావన ఉంది. మక్కా వర్తకులు చలికాలంలో యమన్ వైపు, వేసవిలో సిరియా వైపు వెళ్లేవారని వ్యాఖ్యాతలు వివరించారు. మా చలికాలపు ప్రయాణం అంత దూరం కాదు. సరిహద్దు దాటితే బీదర్.

అక్కడ మహమూద్ గవాన్ మదరసా ఉంది. ఇరాన్‌లోని గీలాన్ నుండి వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన ఆయన 1472లో దానిని కట్టించారు. మూడు అంతస్తుల భవనం. ఒకప్పుడు ముఖభాగమంతా రంగు పలకలతో మెరిసేది. ఇప్పుడు ఒక మీనారు, అక్కడక్కడ నీలి పలకలు మిగిలాయి. అంతటి విద్యాలయాన్ని నిలబెట్టిన వ్యక్తిని 1481లో ఒక కుట్రను నమ్మిన సుల్తాను మరణశిక్షకు గురిచేశాడు. ఆ కథ విన్న తరువాత మా వాడు మిగిలిన పలకలలోని నక్షత్రపు ఆకారాన్ని నోటుపుస్తకంలో గీశాడు.

నగరంలో బిద్రీ పనివారి దుకాణం ముందు గంటసేపు నిలబడ్డాము. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోత పోసిన పాత్రపై ఉలితో గాడి తీసి, వెండి తీగను అందులో కొట్టి, నున్నగా చేస్తారు. చివరికి పాత కోట మట్టిని నవాసారంతో కలిపి రుద్దితే పాత్ర నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. రసాయన శాస్త్రం, చరిత్ర, ఒక కుటుంబం జీవనోపాధి ఒకే పాత్రలో కనిపించాయి. నౌబాద్ వద్ద నేల కింద తవ్విన పాత నీటి కాలువను, దానికి గాలి వెలుతురు అందించే బావులను కూడా చూశాము. పంపు లేని కాలంలో వాలు ఆధారంగానే నీటిని నడిపించిన ఆ నైపుణ్యం ఇరాన్ కరేజుల పద్ధతిలోనిది.

చెరకు తోట పక్కన

బొంత పూర్తయిన రోజున దానిని ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. ఊరి బయట చెరకు కోతకు వచ్చిన కుటుంబాలు గుడారాలు వేసుకొని ఉన్నాయి. అక్కడికి వెళ్లాము. ఒక తల్లి తన పసిబిడ్డ కోసం దానిని తీసుకొన్నది. ఆమె పక్కన మా వాడి ఈడు పిల్లవాడొకడు చెరకు ఆకుల మోపు దించుతున్నాడు. మా వాడు వాడితో మాట కలిపాడు. "నువ్వు ఏ బడి?" అని అడిగితే ఆ పిల్లవాడు వచ్చీరాని హిందీలో "నాకు బడి లేదు" అన్నాడు. "నాకూ లేదు" అన్నాడు మా వాడు.

తిరిగి వచ్చే దారిలో చాలాసేపు మౌనంగా నడిచి, "అబ్బా, నాకు బడి లేదని చెప్పాను. అది అబద్ధం కదా?" అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఇంటి చదువు మేము ఎంచుకున్న దారి. ఆ పిల్లవానికి ఎంచుకొనే అవకాశమే లేదు. చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ల లోపు ఏ పిల్లవాడైనా సంవత్సరం మధ్యలో వచ్చినా, ధ్రువపత్రాలు లేకపోయినా తన వయసుకు తగిన తరగతిలో చేరవచ్చు. సమీప ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి ఆ గుడారాల సంగతి చెప్పి వచ్చాము. వారు వెళ్లి చూస్తామన్నారు. కాని వారం తిరగకముందే కోత ముగిసి ఆ గుడారాలు వేరే చోటికి తరలిపోయాయి. ఈ ఏడు కోత మొదలుకాగానే ముందే వెళ్లాలని నిశ్చయించుకున్నాము.

చివరి రాత్రి

బంధువులు వెళ్లే ముందు రాత్రి నోటుపుస్తకం మధ్యలో పెట్టుకొని కూర్చున్నాము. ఎవరి పేజీ వారు చూపించారు. మా వాడు నీడ కొలతల గీత చూపించి ఊరుకుంటాడనుకున్నాము. వాడు దాని కింద నాలుగు వాక్యాలు రాసుకొన్నాడు. వాటిని చదవమని ఎవరూ అడగలేదు. వాడే మొదలుపెట్టాడు.

రెండవ వాక్యంలో ఆగిపోయాడు. గదిలో నిశ్శబ్దం. హైదరాబాదు నుండి వచ్చిన వాడి ఈడు పిల్లవాడు మెల్లగా జరిగి, తన వేలును ఆ పదం కింద పెట్టాడు. మా వాడు చదివాడు. వేలు కదిలింది. చివరి వరకు చదివాడు. అప్పుడు దాదీ, "నాకు సరిగా వినబడలేదు బేటా, మళ్లీ చదువు" అన్నారు. దాదీ చెవులు చక్కగా పనిచేస్తాయని ఇంట్లో అందరికీ తెలుసు. రెండవసారి వాడు ఆగకుండా చదివాడు.

ఇతర కుటుంబాలకు కొన్ని మాటలు

ఏడు రోజులలో వాడి ఇబ్బంది తీరిపోయిందని చెప్పడం లేదు. నేటికీ వాడు నిదానంగానే చదువుతాడు. పిల్లలు చదవడంలో తడబడితే ముందుగా కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. తరువాత నిపుణుని సలహా తీసుకోవాలి. డిస్లెక్సియా వంటి ఇబ్బందులను సోమరితనంగా భావించి దండించడం అన్యాయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వీటిని గుర్తించింది.

ఇంటివద్ద చదివించేవారు పరీక్షల సంగతి మరువరాదు. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా 14 ఏళ్లు నిండినవారు పదవ తరగతి పరీక్ష రాయవచ్చు. తెలుగు, ఉర్దూ మాధ్యమాలు కూడా ఉన్నాయి. రాష్ట్ర సార్వత్రిక పాఠశాల మరొక మార్గం.

సెలవుల పనులకు ఖర్చు అక్కరలేదు. ఒక కర్ర, ఒక సుద్దముక్క, పాత చీరలు, ఒక నోటుపుస్తకం చాలు. రోజుకు ఒక్క పనే పెట్టుకోవాలి. పెద్దలకు తెలియని ప్రశ్న వస్తే తెలియదని ఒప్పుకొని పిల్లలతో కలిసి వెదకాలి. ఇంట్లో వృద్ధులుంటే వారినే మొదటి గురువులుగా కూర్చోబెట్టాలి. పని ముగిసిన తరువాత పరీక్ష పెట్టరాదు. పెడితే అది మళ్లీ బడే అవుతుంది.

ఇక మా వాడి మొదటి ప్రశ్న. ఇంటి గోడ మీద ఇప్పుడు సెలవుల పట్టిక ఉంది. రెండు ఈదులు, చలికాలంలో ఒక వారం, వేసవిలో ఒక నెల. వీటితోపాటు వాడు కోరిన మరొక రోజు. మే రెండవ వారంలో మన ప్రాంతంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆనాడు కర్రకు నీడ పడదు. కిందటి మే నెలలో ఆ రోజు అందరం డాబా మీద నిలబడి, నీడ కర్ర మొదట్లోకి చేరి మాయమవడం చూశాము. ఆపైన రోజంతా సెలవు.

ఈ డిసెంబరు 21న మళ్లీ కర్ర నిలబెడతాము, ఇన్షా అల్లాహ్. హైదరాబాదు పిల్లలు తమ డాబా మీద కూడా ఒక కర్ర నిలబెడతారట. ఆ రోజు ఏమేమి చేయాలో వివరంగా ఉత్తరం రాసి పంపమని మా వాడిని అడిగారు. నాలుగు రోజులుగా వాడు ఆ ఉత్తరం రాస్తున్నాడు.